మండువా కలపగా మారకముందే: కృష్ణా జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కృష్ణా జిల్లా కలెక్టర్ గారికి,



జిల్లాలో ఇంకా నిలబడి ఉన్న మండువా లోగిళ్ళను, పాత పెంకుటిళ్ళను, దివిసీమలో మిగిలిన తాటి రాటల తాటాకిళ్ళను ఊరూరా లెక్కించి, కొలిపించి, పటాలు గీయించమని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇప్పుడైతే ఇది పెద్దగా డబ్బు అక్కర్లేని పని. ఆలస్యమైతే ఎంత డబ్బు పోసినా కుదరని పని. ఈ ఇళ్ళు ఏ ప్రభుత్వ శాఖ చేతిలోనూ లేవు. గుడివాడ చుట్టుపక్కల పల్లెల్లో, పామర్రు నుంచి చల్లపల్లి మీదుగా అవనిగడ్డ దాకా ఉన్న ఊళ్ళలో, బందరు పాత పేటల్లో మామూలు కుటుంబాల పేర్ల మీద ఉన్నాయి. మీకు చెప్పే మాట ఆ కుటుంబాలు కూడా వినాలని బహిరంగంగా రాస్తున్నాను.

ఈ ఇల్లు ఎలా నిలబడుతుందో ముందు చెప్పనివ్వండి. నా విన్నపమంతా దాని మీదే ఆధారపడి ఉంది. వీధి అరుగు ఎక్కి, సింహద్వారం దాటి, నడవలోంచి లోపలికి వెళ్తే ఇంటి నడుమ ఆకాశం కనిపిస్తుంది. అదే మండువా. దాని చుట్టూ నాలుగు పక్కలా వసారాలు, వసారాల వెనక గదులు, వంటిల్లు, ధాన్యం కొట్టు. కప్పు నాలుగు వైపుల నుంచీ మండువాలోకి వాలి ఉంటుంది. ఆ వాలును మోసేది కర్ర చట్రం. మండువా గట్టు వెంట రాతి దిమ్మల మీద స్తంభాలు నిలబెడతారు. స్తంభాల తలల మీద దూలాలు, దూలాల మీద వాసాలు, వాసాల మీద అడ్డ బద్దలు, వాటి మీద పెంకు. స్తంభం కొనను సన్నగా చెక్కి, దూలంలో తొలిచిన బెజ్జంలోకి దించి, పక్కనుంచి చెక్క మేకు దిగ్గొడతారు. గదుల గోడలు కొన్ని ఇళ్ళలో మట్టివి, కొన్నింట్లో గానుగ సున్నంతో కట్టిన ఇటుకవి. అవీ కొంత బరువు పంచుకుంటాయి. కానీ ఇంటిల్లిపాదీ పగలంతా మసిలే నీడ మాత్రం ఆ కర్ర చట్రానిదే.

అలా కూర్చిన ఇంటికి ఒక గుణం ఉంది. కట్టిన వరసను తిరగేస్తే విప్పొచ్చు. చెద పట్టిన వాసం ఒక్కదాన్నే తీసి కొత్తది వేయొచ్చు. కాలు పుచ్చిన స్తంభం ఉంటే, పైన దూలానికి ఊతం పెట్టి, పుచ్చినంత మేర కోసి కింద కొత్త ముక్క అతకొచ్చు. అవసరమైతే మొత్తం చట్రాన్ని విప్పి ఇంకో ఊళ్ళో నిలబెట్టొచ్చు. స్లాబు ఇంటికి ఈ వీలు లేదు. కూలిస్తే దాని కప్పు ముక్కలు గోతులు పూడ్చటానికే పనికొస్తాయి. ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకోమని మనవి. మన మండువాలు ఇంత త్వరగా మాయమవుతున్నది ఇందువల్లే, వాటిని కాపాడుకునే దారి ఉన్నదీ ఇందులోనే.

ఈ కట్టుబడి మన నేల చూసుకుని వచ్చింది. డెల్టా నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, వేసవిలో కుంచించుకుని నెర్రెలిస్తుంది. దాని మీద బిగుసుకుపోయిన గోడ ఎక్కడో ఒకచోట చిట్లుతుంది. కర్ర అతుకులు ఆ కదలికకు కాస్త చోటిస్తాయి. స్తంభం రాతి దిమ్మ మీద నిలబడటం వల్ల నేల చెమ్మ కర్రకు ఎక్కదు, చెద పుట్టినా కంటికి కనబడుతుంది. కాలవ గట్టు తెగితే నీళ్ళు ఎంత ఎత్తుకు వస్తాయో తెలిసినవాళ్ళు గనక ఇంటిని ఎత్తైన అరుగు మీద కూర్చోబెట్టారు. వేసవిలో మండువాలోంచి వేడిగాలి పైకి పోతుంటే వీధి గుమ్మం నుంచీ పెరటి గుమ్మం నుంచీ గాలి లోపలికి వస్తుంది. కోస్తా ఉక్కపోతలో మధ్యాహ్నం వసారాలో పడుకున్నవాళ్ళకి ఆ మేలు తెలుసు.

వాన సంగతి ఇంకా గొప్పది. నాలుగు వాలుల నీళ్ళూ మండువాలో పడి, ఒక తూము గుండా బయటి కాలవలోకి పోవాలి. రెండు వాలులు కలిసే మూలల్లో నీటి జోరు ఎక్కువ. ఇల్లు ముందుగా కారేది అక్కడే. ఆ మూలన పొడుగాటి మూలవాసం వేసి, రెండు పక్కల నుంచీ వచ్చే వాసాలను ఏటవాలుగా కోసి దానికి కూర్చాలి. ఒక్కో వాసం పొడుగు వేరు, ఒక్కో కోత వేరు. వాలు తగ్గితే నీళ్ళు పెంకు కిందికి ఎగదన్నుతాయి, మరీ పెరిగితే పెంకు జారుతుంది. మూలమట్టం, నూలు తాడు, ఉలి, బాడిసలతో ఈ లెక్క కుదిర్చినవాళ్ళు మన వడ్రంగులు. ఇంటి మీద యజమాని పేరు ఉంటుంది, తలుపు పైన కట్టిన సంవత్సరం ఉంటుంది. మూలవాసం కుదిర్చిన మనిషి పేరు ఎక్కడా ఉండదు. మీరు చేయించే లెక్కలో కనీసం ఆ పనితనం పటంగానైనా నిలవాలి.

ఇది రైతు ఇల్లు కూడా. వీధి అరుగు లెక్కలు చూసుకోవడానికీ, పాలేళ్ళతో పనులు మాట్లాడుకోవడానికీ. మండువా వడియాలకీ, అప్పడాలకీ, పెళ్ళి పందిరికీ. అటక మీద విత్తనాలు, వంటపాత్రలు, నాగళ్ళ సామాను. పెరట్లో గొడ్ల సావిడి, గడ్డివాము, గడ్డి తాడుతో చుట్టిన ధాన్యం పురి. సంక్రాంతికి ముందు కళ్ళంలోంచి వచ్చిన బస్తాలు ఏ గుమ్మంలోంచి లోపలికి పోవాలో, బండి ఎక్కడ తిరగాలో, ఎద్దులు ఎటునుంచి పోవాలో ఇల్లు కట్టేటప్పుడే నిర్ణయమైపోయేది. వరి సాగు చేసే కుటుంబం ఏడాది పొడుగునా చేసే పనులన్నీ ఆ ఇంటి కొలతల్లో ఉన్నాయి. అందుకే ఒక్క ముందు భాగం ఫోటో తీసి ఊరుకుంటే చాలదు. సావిడి, పెరడు, తూము, బావి, అటక మెట్లు అన్నీ పటంలోకి రావాలి.

ఇంత కర్ర ఇక్కడికి ఎలా వచ్చింది? డెల్టాలో కలప అడవి లేదు. ఉన్నవి తాడి, వేప, తుమ్మ. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు పారాయి, వరి పండింది, రైతు చేతిలో డబ్బు ఆడింది. ఆ కాలవల్లో నీళ్ళతోపాటు పడవలు కూడా నడిచాయి. ఏలూరు కాలవ కృష్ణనూ గోదావరినీ కలిపింది గనక మన్యం కలప నీటి దారిన ఇటు రాగలిగింది. రంగూను నుంచి ఓడల్లో తీరానికి చేరిన బర్మా టేకు కూడా ఇక్కడి దూలాలైంది. చేతితో చేసిన గూన పెంకు ఉన్న చోట తరవాత మిల్లు పెంకు వచ్చింది. మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్ళు 1865లో మొదలుపెట్టిన పెంకుల పరిశ్రమ దక్షిణాది పల్లెల కప్పులనే మార్చేసింది. ఆనకట్ట, కాలవ, పడవ, బర్మా వర్తకం, వరి ధర ఇన్నీ కలిస్తే ఒక మండువా లేచింది. డెల్టా చరిత్ర రాసేవాళ్ళకి రికార్డు గదుల్లో దొరకని సాక్ష్యం ఈ దూలాల్లో ఉంది.

ఇప్పుడు ఆ సాక్ష్యం అమ్ముడుపోతోంది. తండ్రి పోయాక అన్నదమ్ములు ఇల్లు పంచుకుంటారు. మండువాకి అడ్డంగా గోడ లేస్తుంది. గోడ లేచాక గాలి ఆగిపోతుంది, నీటి వాలు చెడుతుంది, ఒకరి వైపు కప్పు బాగుచేస్తే రెండోవారి వైపు కారుతుంది. పిల్లలు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటారు. ఇల్లు చూసే పెద్దావిడకి ఏటా పెంకు సర్దించే మనిషి దొరకడు. జాతీయ రహదారులు 65, 216 వెంట, బందరు ఓడరేవు పనులు మొదలయ్యాక ఆ చుట్టుపక్కల, స్థలం మీద ఆశ పెరిగింది. అప్పుడు పాత ఇళ్ళు గుత్తగా కొనేవాళ్ళు గుమ్మంలోకి వస్తారు. వాళ్ళు కొనేది ఇల్లు కాదు, స్తంభాల టేకు, చెక్కుడు తలుపులు, ద్వారబంధాలు. విప్పడం తేలిక గనక నూరేళ్ళ ఇల్లు కొద్ది రోజుల్లోనే లారీ ఎక్కేస్తుంది. తలుపొకటి ఒక హోటలుకి, స్తంభాలు ఇంకో ఊరి ఫాంహౌసుకి, దూలాలు కోత మిల్లుకి. ముక్కలు ఎక్కడో బతికే ఉంటాయి. వాటిని ఇల్లుగా నిలబెట్టిన లెక్క మాత్రం పోతుంది.

మీ ముందు రెండు అభ్యంతరాలు వస్తాయని తెలుసు. మొదటిది తుఫాను. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో దాదాపు 30 వేల మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన తుఫానులో ప్రభుత్వ లెక్క ప్రకారమే పది వేలకు దగ్గరగా ప్రాణాలు పోయాయి. ఆ రోజు మట్టి గోడలూ తాటాకు కప్పులూ మనుషుల్ని కాపాడలేకపోయాయి. ఆ తరవాత వచ్చిన తుఫాను షెల్టర్లు, స్లాబు ఇళ్ళు వేల ప్రాణాలకు అండ. తీరంలో కాంక్రీటు వద్దనే మాట నేను అనను, ఎవరూ అనకూడదు. అయితే అదే ఉప్పు గాలి స్లాబులోని ఇనుమును తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి పెచ్చులు ఊడగొడుతుంది. కోడూరు, నాగాయలంక వైపు తిరిగే ఇంజనీర్లకు ఇది కొత్త సంగతి కాదు. గాలివాన ముందు నాలుగు వైపులా వాలిన కప్పు, రెండు వైపులే వాలి పక్కన ముక్కోణపు గోడ లేచిన కప్పు కంటే బాగా నిలుస్తుందని ఇంజనీరింగ్ శాస్త్రం చెబుతుంది. మన పాత ఇళ్ళ బయటి కప్పులు చాలావరకు ఆ నాలుగు వాలుల పద్ధతివే. పెంకు ఎగిరిపోకుండా కట్టే ఏర్పాటు, వాసానికీ దూలానికీ మధ్య ఇనప పట్టీ, ఈ రెండూ చేరిస్తే పాత చట్రం ఇంకా గట్టిపడుతుంది. తుఫానులు తిన్న ఇళ్ళలో ఏ అతుకు నిలిచింది, ఏది ఊడింది అనేది కొలిచి చూస్తే కొత్త ఇళ్ళకు కూడా పాఠం దొరుకుతుంది. ఇళ్ళు పోయాక ఆ పాఠం ఎవరిని అడుగుతాం?

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. మండువాలు ఎవరివి? భూమి ఉన్నవాళ్ళవి, పెద్ద కులాలవి. ఆ వాకిలి దాటి లోపలికి రాకూడదన్న మనుషులు ఆ ఇంటి ధాన్యాన్ని మోశారు. ఇది నిజం, దాచకూడని నిజం. అందుకే నా మొదటి వాక్యంలోనే దివిసీమ తాటాకిళ్ళను కలిపాను. కూలివాడి ఇల్లు కూడా కర్ర చట్రమే. నడుమ నిట్రాట, చుట్టూ రాటలు, పైన వెన్నుగర్ర, తాటి వాసాలు, తాటాకు. ముదిరిన తాడిని నిలువునా చీల్చి, లోపలి మెత్తని దూట తీసేసి, నల్లగా చేవ పట్టిన అంచుని వాసంగా చెక్కుతారు. నేల మీదికి దిగేలా చూరు వంచి గాలిని జారవిడుస్తారు. డబ్బు లేని చోట తెలివి పెట్టిన కట్టుబడి అది. జిల్లా లెక్కలో మండువాకు ఎంత జాగా ఇస్తే ఈ ఇంటికీ అంతే ఇవ్వాలి. ఎవరు ఎక్కడ నిలబడేవారో, ఎవరికి ఏ గుమ్మం ఉండేదో కూడా రాయించాలి. ఇళ్ళు పడగొడితే ఆ అన్యాయం చెరిగిపోదు, దానికి ఉన్న ఆధారం ఒకటి చెరిగిపోతుంది అంతే.

ఇలాంటి పని ఇతరులు చేశారు. ఇంగ్లండులో కెంట్ జిల్లాలోని బావ్ బీచ్ దగ్గర జలాశయం కడుతుంటే బేలీఫ్ అనే 15వ శతాబ్దపు రైతు ఇల్లు అడ్డొచ్చింది. దాని ఓకు చట్రాన్ని 1960ల చివర విప్పి, ససెక్స్‌లోని వీల్డ్ అండ్ డౌన్‌ల్యాండ్ మ్యూజియంలో మళ్ళీ నిలబెట్టారు. విప్పగలిగే గుణం అక్కడ ఇంటిని బతికించింది, ఇక్కడ చంపుతోంది. తేడా కర్రలో లేదు, విప్పేముందు కొలిచారా లేదా అన్నదాంట్లో ఉంది. అంత దూరం అక్కర్లేదు. చెన్నై దగ్గర ముట్టుకాడులో 1996లో తెరిచిన దక్షిణచిత్ర మ్యూజియంలో చెట్టినాడు వర్తకుల ఇంటిని విప్పి తెచ్చి నిలబెట్టారు. కోస్తాంధ్ర చుట్టిల్లు, కొయ్యలగూడెం నేతగాళ్ళ ఇల్లు కూడా అక్కడ చూడొచ్చు. చెట్టినాడు ఊళ్ళు 2014లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. వాళ్ళ ఇళ్ళలోనూ స్తంభాలు బర్మా టేకువే. మన బందరులో డచ్చివారి సమాధుల తోటకి కేంద్ర పురావస్తు శాఖ రక్షణ ఉంది, ఘంటసాల బౌద్ధ శిల్పాలకి మ్యూజియం ఉంది. రెండూ ఉండాల్సినవే. వాటికి పక్క ఊళ్ళోనే ఉన్న రైతు ఇంటి ముందు ఆగి చూసే కన్ను కూడా ప్రభుత్వానికి ఉండాలని నా ఆశ.

నేను కోరేవి ఇవి.

ఒకటి. గ్రామ సచివాలయాల ద్వారా జాబితా. సర్వేయర్లు, ఇంజినీరింగ్ సహాయకులు ఊళ్ళోనే ఉన్నారు. ఒక ఫారం చాలు: ఇల్లు ఎక్కడ, కప్పు ఏ రకం, స్తంభాలు ఏ కర్ర, మండువా ఉందా, ఎవరైనా కాపురం ఉంటున్నారా, ఏ స్థితిలో ఉంది, నాలుగు ఫోటోలు. ముందు గుడివాడ, పామర్రు, ఘంటసాల, మొవ్వ, చల్లపల్లి, అవనిగడ్డ మండలాలతో మొదలుపెట్టవచ్చు.

రెండు. ఆ జాబితా వల్ల యజమానికి ఏ ఆంక్షా ఉండదని మీరే రాతపూర్వకంగా ప్రకటించాలి. ఇది చాలా ముఖ్యం. 1960 నాటి రాష్ట్ర ప్రాచీన కట్టడాల చట్టం కింద రక్షిత కట్టడంగా ప్రకటించమని నేను అడగడం లేదు. మనుషులు కాపురముండే ఇళ్ళకు ఆ కట్టుబాట్లు బరువవుతాయి. ఇల్లు సర్కారు పట్టుకుపోతుందన్న పుకారు పుడితే, జాబితా పూర్తయ్యేలోపే సగం ఇళ్ళు లారీ ఎక్కుతాయి.

మూడు. జాబితాలోంచి రకానికి కొన్ని చొప్పున ఎంచి పూర్తి కొలతలతో పటాలు. విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. ఆ విద్యార్థులకు ఇంతకంటే మంచి పాఠశాల దొరకదు. బందరులోని కృష్ణా విశ్వవిద్యాలయం పెద్దవాళ్ళ జ్ఞాపకాలను, వడ్రంగుల మాటలను రికార్డు చేయొచ్చు. పటాల ప్రతులు జిల్లా గ్రంథాలయంలో అందరికీ అందుబాటులో ఉండాలి.

నాలుగు. ఇల్లు తప్పనిసరిగా విప్పాల్సి వస్తే యజమాని సచివాలయానికి ఒక మాట చెబితే చాలు, కొలతలు తీసే బృందం వచ్చేలా ఏర్పాటు. దూలాలకీ స్తంభాలకీ అంకెలు వేసి విప్పితే, కొన్నవాళ్ళు కూడా దాన్ని ఇల్లుగానే మళ్ళీ నిలబెట్టగలరు.

ఐదు. పని తెలిసిన చేతులు. మూలవాసం కోత తెలిసిన వడ్రంగులు, గానుగ సున్నం కలపడం తెలిసిన తాపీ మేస్త్రీలు ఇప్పుడు ముసలివాళ్ళు. ఐటీఐల వడ్రంగం విభాగంలో వాళ్ళను గౌరవ వేతనంతో గురువులుగా పిలవండి. పెడనలో కలంకారీ అచ్చులు టేకు చెక్క మీద ఇప్పటికీ చెక్కుతున్నారు. ఉలి మీద పట్టున్న కుర్రవాళ్ళు ఈ జిల్లాలో ఉన్నారనడానికి అదే రుజువు. వాళ్ళకి పని చూపిస్తే చాలు.

ఆరు. ఒక్క మండువా, ఒక్క తాటి రాటల ఇల్లు యజమానుల ఇష్టంతో తీసుకుని, ఉన్న చోటే బాగుచేయించి, గ్రంథాలయంగానో, రైతు శిక్షణ కేంద్రంగానో వాడకంలో పెట్టండి. అద్దాల పెట్టెలో పెట్టిన ఇల్లు వద్దు. రోజూ ఊడ్చి, పెంకు సర్ది, తూము తుడిచే ఇల్లు కావాలి. కర్ర ఇల్లు వాడితేనే బతుకుతుంది. పొయ్యి వెలగని, మనిషి తిరగని ఇంటిని చెద ముందు పట్టుకుంటుంది.

ఈ ఉత్తరం చదివే యజమానులకు కూడా ఒక మాట. మీ ఇల్లు అమ్ముకునే హక్కు మీదే. దూరదేశాల్లో ఉండి పెంకులు సర్దించలేని మీ కష్టం కూడా నిజమే. కానీ బేరం కుదిరే ముందు ఒక్క పూట ఇంట్లో తిరిగి, మూలల్లో కప్పు ఎలా కలిసిందో ఫోటోలు తీయండి. ఇల్లు ఎవరు కట్టారో, కర్ర ఎక్కడిదో పెద్దవాళ్ళను అడిగి రాసి పెట్టండి. అన్నదమ్ముల మధ్య గోడ లేపకముందు, ఇంటిని చీల్చకుండా ఒకరికి ఇల్లు, ఒకరికి స్థలం వచ్చేలా పంచుకోగలమా అని ఆలోచించండి. మండువాను కాపాడిన పంపకాలూ మన ఊళ్ళలో జరిగాయి.

కలెక్టర్ గారూ, ఇళ్ళు విప్పే పని ఎక్కువగా వేసవిలో సాగుతుంది. పంట ఇంటికొచ్చాక, వానలు పడేలోపు, దారులు ఎండి లారీలు పల్లెల్లోకి రాగలిగినప్పుడు. కాబట్టి మీ మొదటి ఉత్తర్వు ఈ సంక్రాంతిలోపు వెలువడితే వచ్చే వేసవికి ముందే కనీసం ఆరు మండలాల జాబితా మీ బల్ల మీద ఉంటుంది. ఆ జాబితా తయారుచేయడానికి వచ్చే సచివాలయ సిబ్బందికి ఊళ్ళలో దారి చూపడానికి, తలుపులు తీయించడానికి, పెద్దలతో మాట్లాడించడానికి నాలాంటివాళ్ళం ప్రతి ఊళ్ళోనూ ఉన్నాం. మీ నుంచి కోరుతున్నది ఆ ఉత్తర్వు. మా వంతు పని మేం చేస్తాం.

గౌరవంతో,
మీ జిల్లా పౌరుడు,
గుడివాడ